డెల్టా పిల్లల బొమ్మల్లోకి కొండలెలా వచ్చాయి?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ప్రాథమిక పాఠశాలల చిత్రలేఖనం పోటీ ఫొటో వేశారు. బహుమతులు వచ్చిన ముగ్గురు పిల్లలూ తమ బొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. ముగ్గురిదీ ఒకటే బొమ్మ. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి జారే ఏరు, ఒడ్డున ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. కోనసీమంతా తిరిగినా కొండ కనపడదు. ఆ పిల్లల్లో ఎంతమంది కొండను కళ్లారా చూసి ఉంటారు? తప్పు పిల్లలది కాదు. అలాగే గీయమని నేర్పి, అలా గీస్తేనే బహుమతిచ్చే పెద్దల మీద నా బాధ.

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ల శిక్షణ, డి.ఎల్.ఎడ్., రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌కి రాజోలు వైపు ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్తున్నాను. టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంది, అదీ గోడకు అంటించిన కాగితం మీదే. భోజనాలయ్యాక వచ్చే ఆ పీరియడ్‌లో ఎక్కాలో డిక్టేషనో నడుస్తుంది. అక్కడి టీచర్లను అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరు మనుషులు ఐదు తరగతులు చూసుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, యాప్‌లలో ఫొటోలు ఎక్కించాలి. ఆ పీరియడ్ నేను తీసుకుంటానంటే హెడ్‌మాస్టారు, "తీసుకోమ్మా, పిల్లలు సంబరపడతారు" అన్నారు.

ఖాళీ కాగితం ఇచ్చి మీ ఇష్టమొచ్చింది వేయండర్రా అంటే ఒక్కరూ పెన్సిలు కదపలేదు. "బోర్డు మీద మీరు వేయండి టీచర్, చూసి వేస్తాం" అన్నారు. ఏడెనిమిదేళ్లకే తమ చేతి మీద తమకు నమ్మకం లేకుండా పోయింది. బడిలో చేరకముందు ఇటుక ముక్కతో వీధి అరుగంతా గీసింది ఈ పిల్లలే కదా! నిన్న సాయంత్రం మీ ఇంటి దగ్గర ఏం చూశారో అది వేయండి అన్నాను. అప్పుడు మొదలైంది.

మూడో తరగతి పిల్లాడొకడు, వాళ్ల నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తాడు, చెట్టు మొదలు నుంచి గాట్లు ఒక్కొక్కటే గీసుకుంటూ పోయాడు. పీరియడ్ సగం దాటినా చెట్టు సగానికి రాలేదు. అన్నెందుకురా అంటే, "నాన్న కాలు వాటి మీదే ఆనుతుందండి" అన్నాడు. చివరికి నాన్నను వేశాడు, చెట్టు తలకన్నా పెద్దగా. ఇంకో పాప కాలువ వేసి, నీళ్ల లోపల చేపల్నీ పడవ అడుగునీ కూడా వేసింది. ఒకమ్మాయి కాగితం నడిమధ్య చిన్న పువ్వుతో మొదలుపెట్టి చుట్టూ వరసలు పెంచుకుంటూ పోయింది. వాళ్లమ్మ లేసు అల్లేది అలాగేనట. ఆ నరసాపురం లేసుకే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పత్రికలన్నీ రాశాయి. బడిలో మాత్రం దాని మాట ఎత్తేవారు లేరు.

పరిశీలనకు వచ్చిన ఒక పెద్దాయన ఈ బొమ్మలు చూసి, "కొలతలు లేవు, మనిషి చెట్టుకన్నా పెద్దగా ఉన్నాడు. చార్టు తగిలించి చూసి వేయించమ్మా" అన్నారు. నా మనసు చివుక్కుమంది. ఆ వయసు పిల్లలు తమకు ముఖ్యమనిపించినదాన్ని పెద్దగా వేస్తారనీ, కంటికి కనపడకపోయినా లోపల ఉందని తెలిసినదాన్ని వేస్తారనీ మాకు చెప్పేది ఈ శిక్షణలోనే. అచ్చు బొమ్మల్లో రంగులు నింపించడం పిల్లల సొంత ఊహను చంపుతుందని కళావిద్య పండితుడు లోవెన్‌ఫెల్డ్ 1940లలోనే గట్టిగా చెప్పాడు. పరీక్షకు అది రాస్తే మార్కులేస్తారు, తరగతిలో చేస్తే తప్పంటారు!

అసలు మా శిక్షణ సంగతి కూడా చెప్పాలి. బొమ్మల రికార్డులు, చార్టులు డబ్బులిచ్చి వేయించుకోవడం మామూలైపోయింది. సంతకం పెట్టేవారికీ ఆ సంగతి తెలుసు. తన చేత్తో ఒక ఆకు కూడా గీయకుండా టీచరైనవారు రేపు పిల్లల చేత ఏం గీయిస్తారు? చార్టు కొని తగిలిస్తారు. ఆ చార్టులోంచే దిగాయి ఈ కొండలు.

పాఠశాల విద్యలో పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం దగ్గరకొచ్చేసరికి పార్ట్‌టైం కళాబోధకుల మాట 6 నుంచి 8 తరగతులకే, అదీ వందమందికి మించి పిల్లలున్న బడికే పరిమితమైంది. ఒకటి నుంచి ఐదు వరకు ఎవరూ లేరు. చేయి ఆడే వయసులో దిక్కులేదు, ముడుచుకుపోయాక నేర్పిస్తారట. గోడలకు మాత్రం కాంట్రాక్టు మనుషులు వచ్చి కార్టూన్లు వేసి వెళ్తారు. పిల్లలు వాటిని ముట్టుకోకూడదు.

ఇది బొమ్మలు ఎరగని సీమ కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో పుట్టింది రాజమండ్రిలో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిని గుర్తించబట్టే బొంబాయిలో బొమ్మలు నేర్పే జె.జె. స్కూలుకు వెళ్లాడు. 1925లో పోయేనాటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. మా బడి పిల్లల్లో వాటిని చూసినవారు లేరు. బాపు గారిదీ నరసాపురమే. కనుమనాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ఊరేగి వచ్చే ప్రభలు, అంటే వెదుళ్లతో ఎత్తుగా కట్టి రంగురంగులుగా అలంకరించినవి, 2023 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటమై ఢిల్లీలో కదిలాయి. వెదుళ్లు కట్టడం దగ్గర్నుంచి ఆ ప్రభలను చూసే పిల్లలకు ప్రభ వేయమని పోటీ పెట్టరెందుకు?

నేను కోరేది పెద్ద ఖర్చుతో అయ్యేది కాదు. బూట్లూ సంచీ ఇస్తున్న కిట్‌లో ఒక చిన్న రంగుల పెట్టె చేర్చండి. ఇప్పుడు మేం పసుపు, బొగ్గు, బచ్చలిపళ్ల రసం, చిక్కుడాకు పసరు వాడుకుంటున్నాం, కాగితాలంటే పాత పరీక్ష పేపర్ల వెనకవైపే. నాలుగైదు బడులకు కలిపి ఒక కళాబోధకుణ్ని వేయండి. లేసు అల్లే అమ్మల్ని, ప్రభ కట్టే పెద్దల్ని నెలకోసారి బడికి పిలవండి, వాళ్ల కూలి నష్టపోకుండా కొంత ఇవ్వండి. పోటీలకు న్యాయనిర్ణేతలుగా వచ్చేవారు చార్టుకు ఎంత దగ్గరగా ఉందని చూడటం మానాలి. మండల విద్యాశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఎక్కాలతో పాటు, కిందటి డ్రాయింగ్ పీరియడ్‌లో ఏం వేశారో చూపించమని పిల్లలనే అడగాలి.

ఇట్లు,
ఒక ఛాత్రోపాధ్యాయిని,
రాజోలు, కోనసీమ జిల్లా