ఉపగ్రహం బొమ్మ సరే, అది తీసిన బొమ్మ ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న అల్పపీడనం వార్తతో పాటు మీ పేపర్ మొదటి పేజీలో బంగాళాఖాతం మీద మబ్బుల ఫోటో వేశారు, దాని కింద 'శాటిలైట్ చిత్రం' అని రెండు ముక్కలు రాసి వదిలేశారు, ఏ శాటిలైట్ తీసింది ఎన్నింటికి తీసింది ఏమీ లేదు. పొద్దున్నే టీ తాగుతూ చూసేవాడికి అది రాత్రి ఎనిమిదింటిదో నిన్న మధ్యాహ్నానిదో ఎలా తెలుస్తుంది, ఈలోపు ఆ సుడి ఎంత దూరం జరిగిపోయి ఉంటుందో. వాతావరణ శాఖ ఇచ్చే బొమ్మ మీద టైము ఉంటుందండీ, యూటీసీలో, అంటే అంతర్జాతీయ టైములో ఉంటే దానికి అయిదున్నర గంటలు కలుపుకుంటే మన టైము వస్తుంది, మీవాళ్ళు ఆ చివర కత్తిరించి వేస్తున్నట్టున్నారు. నాకీ పట్టింపు వార్తలు చదివి రాలేదు లెండి, స్టాంపుల వల్ల వచ్చింది, ఈ ఉత్తరం కూడా మన ఉపగ్రహం తీసిన తుఫాను బొమ్మతో ఒక స్టాంపు కావాలని అడగడానికే.

నేను స్టాంపులు పోగుచేస్తాను, అన్నీ కాదు, వాతావరణ ఉపగ్రహాలూ వాటి యాంటెన్నాలూ అవి తీసిన మబ్బుల బొమ్మలూ ఉన్నవి మాత్రమే. గాంధీగారివి, పక్షులవి, రైలింజన్లవి దాచుకునేవాళ్ళని ఎందుకని ఎవరూ అడగరు, మబ్బులు అనేసరికి మాత్రం అడుగుతారు. మాది బందరు. 1864లో ఉప్పెన వచ్చి 30 వేల మంది దాకా పోయిన ఊరు, మళ్ళీ 1977 నవంబర్ 19న పక్కనే దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడివాడు మబ్బుల బొమ్మలు దాచుకోడంలో వింతేముంది చెప్పండి.

ఈ స్టాంపుల్లో అసలు మజా యాంటెన్నా చూసి ఉపగ్రహాన్ని గుర్తుపట్టడంలో ఉంటుంది. 1960 ఏప్రిల్ 1న అమెరికావాళ్ళు పంపిన టైరోస్-1 సరిగ్గా పనిచేసిన మొట్టమొదటి వాతావరణ ఉపగ్రహం, బరువు 120 కిలోలు చిల్లర, చూడ్డానికి పెద్ద బర్త్‌డే కేకు డబ్బాలా ఉంటుంది, చుట్టూ సోలార్ సెల్స్ అతికించి ఉంటాయి, అడుగు నుంచి నాలుగు ఊచలు ఏటవాలుగా బయటికి వస్తాయి, అవి సిగ్నల్ పంపేవి, పైన నిటారుగా ఒకే ఊచ, అది భూమి నుంచి వచ్చే కమాండ్లు అందుకునేది. స్టాంపు మీద పేరు రాయకపోయినా, రాసింది మనకి రాని భాషలో ఉన్నా, ఆ నాలుగూ ఒకటీ కనపడితే చాలు టైరోసే. అది పనిచేసింది 78 రోజులు, ఆ కాస్త టైములోనే 23 వేల బొమ్మల దాకా పంపింది. 1964 నుంచి వచ్చిన నింబస్ వాటికైతే రెండు పక్కలా పెద్ద సోలార్ పలకలు, కింద సెన్సర్లు పెట్టిన గుండ్రటి చట్రం ఉంటాయి, చిన్నపిల్లలకి చూపించినా ఇట్టే చెప్పేస్తారు.

1977 నవంబర్ 23న, అంటే దివిసీమ ఉప్పెన అయిన నాలుగు రోజులకి, యూరప్ వాళ్ళ మెటియోశాట్-1 పైకెళ్ళింది. అది మన వైపు చూసేది కాదు, ఆఫ్రికా పక్క సున్నా డిగ్రీల రేఖాంశం మీద నిలబడేది, కానీ ఆ తేదీ చదివినప్పుడల్లా మనసు అదోలా అవుతుంది. అది నిమిషానికి వంద చుట్లు తిరుగుతూ ఒక్కో చుట్టుకి ఒక్కో గీత చొప్పున భూగోళం మొత్తాన్ని గీసి అరగంటకొక బొమ్మ పంపేది. అందుకే స్టాంపు మీద దానికి రెక్కలుండవు, పెద్ద డ్రమ్ము మీద చిన్న డ్రమ్ము పెట్టినట్టు కనిపిస్తుంది, ఆ పై భాగంలో ఉన్నవే యాంటెన్నాలు.

స్టాంపులు ఎవరెవరు వేశారంటే, ఐక్యరాజ్యసమితి 1968లో వరల్డ్ వెదర్ వాచ్ అని దేశాలన్నీ వాతావరణ సమాచారం పంచుకునే పథకం కోసం వేసింది, 1973లో అంతర్జాతీయ వాతావరణ సహకారానికి వందేళ్ళయిందని చాలా దేశాలు వేశాయి, సోవియట్ వాళ్ళు వాళ్ళ మెటియోర్ ఉపగ్రహాల్ని వేసుకున్నారు. ఇక అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్ లాంటి గల్ఫ్ ఎమిరేట్లు యూఏఈలో కలవక ముందు అంతరిక్షం పేరు చెప్పి కుప్పలుతెప్పలుగా ముద్రించి వదిలాయి, వాటిని ఉత్తరాల మీద అంటించింది తక్కువే, స్టాంపులు పోగుచేసేవాళ్ళకి అమ్ముకోడానికే పోస్టాఫీసు ముద్ర కూడా ముందే కొట్టేసి ఇచ్చేవాళ్ళు. రంగులు మాత్రం భలే ఉంటాయి, నాకవి నచ్చవు కానీ పారెయ్యలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కడ దెబ్బతింటారంటే డిష్ బొమ్మ ఉన్న ప్రతి స్టాంపూ వాతావరణానిదే అనుకుంటారు. మన తపాలా శాఖ 1972లో పుణె దగ్గరి ఆర్వీ ఎర్త్ స్టేషన్ మీద 20 పైసల స్టాంపు వేసింది, చక్కటి డిష్షే, కానీ అది ఫోన్లూ టెలెక్సుల కోసం పెట్టింది, దానికీ మబ్బులకీ సంబంధం లేదు. 1982లో వచ్చిన మన ఇస్రో ఆపిల్ ఉపగ్రహం స్టాంపూ అంతే, కమ్యూనికేషన్ కిందకే వస్తుంది. నేనైతే వీటిని వేరే పేజీలో పెడతా, పోట్లాడేవాళ్ళు పోట్లాడతారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మన దేశం అంతరిక్షం మీద స్టాంపులు తక్కువేం వెయ్యలేదు, 1975లో ఆర్యభటతో మొదలుపెట్టి వేస్తూనే ఉంది. 2015లో ఫ్రాన్స్‌తో కలిసి వేసిన జంట స్టాంపుల్లో ఒకదాని మీద మేఘా ట్రోపిక్స్ ఉంది, అది 2011 అక్టోబర్ 12న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది, ఉష్ణమండలం మీద మబ్బుల్నీ తేమనీ కొలవడానికే తయారుచేశారు, భూమధ్యరేఖకి 20 డిగ్రీల వాలుతో తిరిగేది కాబట్టి మన నెత్తి మీద నుంచి రోజూ బోలెడుసార్లు పోయేది, 2023 మార్చిలో దాన్ని జాగ్రత్తగా పసిఫిక్ వైపు దించేశారు. నా ఆల్బమ్‌లో నాకు బాగా ఇష్టమైన మన స్టాంపు అదే. కానీ గమనించారా, అక్కడ కూడా ఉన్నది ఉపగ్రహం బొమ్మ, ఉపగ్రహం చూసిన బొమ్మ కాదు. కెమెరా ఫోటో దిగి కూర్చుంది, అది తీసిన ఫోటో ఎవరికీ చూపించలేదు!

నా వరకు మన ఇన్సాట్ ఉపగ్రహాలు తీసిన తుఫాను బొమ్మ ఉన్న మన స్టాంపు ఒక్కటి కూడా చూడలేదు. ఉండాల్సింది ఎంత ఉందో చూడండి. 1983లో ఛాలెంజర్ షటిల్ లోంచి వదిలిన ఇన్సాట్-1బి వచ్చాకే దూరదర్శన్ వార్తల్లో మబ్బుల బొమ్మ చూడ్డం మనకి అలవాటైంది, అప్పట్లో ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో, అంటే వేడిని బట్టి తీసే బొమ్మలో, ఒక్కో చుక్క 11 కిలోమీటర్లు, అంటే బందరు ఊరంతా ఒక చుక్కలో పట్టేసేది. 2002లో వాతావరణం కోసమే ప్రత్యేకంగా మెట్‌శాట్ పంపారు, కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత దానికి కల్పన-1 అని కల్పనా చావ్లా గారి పేరు పెట్టారు. 2013లో ఇన్సాట్-3డి, 2016లో 3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న 3డీఎస్, ఈ చివరి రెండూ శ్రీహరికోట నుంచే. ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ చుక్క 4 కిలోమీటర్లకి వచ్చింది, పగటి బొమ్మలో అయితే ఒక్క కిలోమీటరే.

బొమ్మ వేస్తే 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ ది వెయ్యమంటాను, విశాఖ మీదకొచ్చినప్పటిది, మధ్యలో కన్నుతో సహా. ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ అయితేనే మంచిది, ఎందుకంటే అందులో తెల్లగా ఉన్నచోట మబ్బు బాగా ఎత్తుకెళ్ళి చల్లబడిందని అర్థం, రాత్రైనా పగలైనా కనపడుతుంది, మామూలు బొమ్మ పొద్దుగుంకితే నల్లగా అయిపోతుంది. రంగులు పులిమిన బొమ్మలు వద్దు, ఎర్రగా పచ్చగా ఉంటే చూసినవాళ్ళు మబ్బు నిజంగానే ఆ రంగులో ఉందనుకుంటారు. హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఎన్ఆర్ఎస్సీ, అంటే ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రం డిష్ యాంటెన్నాలున్నాయి కదా, వాటితో ఇంకో స్టాంపు, అవి ఎక్కువగా భూమిని ఫోటోలు తీసే ఉపగ్రహాల డేటా అందుకునేవి, అయినా వరద వచ్చినప్పుడు ఏ ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయో మ్యాపులు వచ్చేది ఆ సంస్థ నుంచే. ముద్రించడానికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్సే ఉంది.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, 2025లో అమెరికా వాళ్ళ వాతావరణ ఉపగ్రహాలు నోవా-18, 19, 15 మూడూ వరసగా రిటైరైపోయాయి. అవి 137 మెగాహెర్ట్జ్ మీద ఎవరైనా పట్టుకునేలా బొమ్మలు పంపేవి, మా మేనల్లుడు రెండు అల్యూమినియం కడ్డీలు వి ఆకారంలో బిగించి డాబా మీద పెట్టి లాప్‌టాప్‌లో పట్టేవాడు, సెకనుకి రెండు గీతలు, టిక్ టిక్ అని చప్పుడొస్తూ మెల్లగా శ్రీలంక, ఆ తర్వాత మన తీరం దిగేవి. రష్యా మెటియోర్లు ఇంకా పంపుతున్నాయి కానీ అవి డిజిటల్, ఆ చప్పుడుండదు. ఆ టిక్ టిక్ బొమ్మల పద్ధతి 1963లో టైరోస్-8 తో మొదలైంది, ఇలాంటివి పోయాక గుర్తుపెట్టుకోడానికే కదండీ స్టాంపులున్నది.

స్టాంపు అంటే ఢిల్లీ దాకా పోవాలి, ప్రపోజల్, కమిటీ, బోలెడు టైము పడుతుందని తెలుసు. స్పెషల్ కవర్, అంటే ఒక సందర్భం కోసం అచ్చువేసే కవరు అయితే ఇక్కడి పోస్టల్ సర్కిల్ వాళ్ళే తేవచ్చు, బొమ్మ ఉన్న ముద్రతో. మై స్టాంప్ చేయించుకో అని సలహా ఇచ్చారు కొందరు, అందులో మన ఫోటో స్టాంపు పక్కన వస్తుంది తప్ప స్టాంపు మీద రాదు, అది లెక్కలోకి రాదు. మార్చి 23 ప్రపంచ వాతావరణ దినోత్సవం, ఆ రోజు విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రంలోనో మా బందరు హెడ్ పోస్టాఫీసులోనో కవర్ రిలీజ్ చేస్తే బాగుంటుంది, మీరు నాలుగు లైన్లు రాస్తే తపాలా వాళ్ళు చూస్తారని ఈ ఉత్తరం. ఇలాంటి కవర్ ఇప్పటికే ఎక్కడన్నా వచ్చి ఎవరి దగ్గరన్నా ఉంటే మీ పేపర్‌కే రాయమనండి, నా దగ్గర మెటియోర్ డూప్లికేట్లు చాలా ఉన్నాయి, మార్చుకుందాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
మచిలీపట్నం