గైర్హాజరు కాదు, తటస్థం

సంపాదకులకు,

ఐక్యరాజ్యసమితిలో మన దేశం ఒక తీర్మానంపై ఎటూ ఓటు వేయకపోతే తెలుగు పత్రికల్లో తరచూ ‘ఓటింగుకు భారత్ గైర్హాజరు’ అని శీర్షిక పెడతారు. ఆ మాట తప్పు. గైర్హాజరంటే బడికి రాకపోవడమని ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలుసు. అక్కడ మన ప్రతినిధి సీట్లోనే ఉంటారు, తటస్థమని నమోదు చేయిస్తారు, ఎందుకో కూడా చెబుతారు. నిజంగా రానివాళ్ల లెక్క వేరు. 2022 మార్చి 2న, ఉక్రెయిన్‌పై రష్యా దాడిని తప్పుబట్టిన తీర్మానానికి సర్వప్రతినిధి సభలో (సభ్యదేశాలన్నీ ఉండే సభ) అనుకూలం 141, వ్యతిరేకం 5, తటస్థం 35. కూడితే 181. సభ్యదేశాలేమో 193. తేడా వచ్చిన ఆ 12 దేశాలే ఓటింగులో లేనివి. వాటిలో వెనెజులాకు చందా బకాయిల వల్ల అప్పటికి ఓటు హక్కే లేదు. భారత్ ఉన్నది 35లో.

ఉన్నత పాఠశాలల్లో అంతర్జాతీయ వ్యవహారాలు నేర్పాలనుకునే సోషల్ ఉపాధ్యాయులకు ఆ ఓటింగు జరిగిన వారం ఒక్కటీ చాలు. ‘వీటో ఉన్న దేశాలెన్ని?’ అనే బిట్టుకు 5 అని రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. ఒక్క దేశం కాదంటే తీర్మానాన్నే ఆపేసే ఆ హక్కు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో అడిగితే నోరు మెదపరు.

కావలసినవి గోడకు ప్రపంచ పటం, 15 చీటీలు, 45 నిమిషాల పీరియడు. అప్పటి భద్రతా మండలి సభ్యుల పేర్లు చీటీల మీద రాయాలి: అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్, భారత్, యూఏఈ, బ్రెజిల్, మెక్సికో, ఐర్లాండ్, నార్వే, కెన్యా, ఘనా, గాబన్, అల్బేనియా. వీటో ఉన్న మొదటి ఐదింటికీ ఎర్రచుక్క. ఏ దేశం ఎలా ఓటేసిందో చీటీ వెనక రాసి ఉంచాలి. లేదంటే పిల్లలు తమ సొంత అభిప్రాయానికి ఓటేస్తారు, పాఠం కాస్తా గొడవలోకి దిగుతుంది.

ముందు రష్యా దాడిపై మండలిలో ఫిబ్రవరి 25 నాటి ఓటు. అనుకూలం 11, వ్యతిరేకం 1 (రష్యా), తటస్థం 3 (చైనా, భారత్, యూఏఈ). నెగ్గిందా అని అడిగితే తరగతిలో ఎక్కువమంది నెగ్గిందనే అంటారు. నెగ్గడానికి 9 ఓట్లు చాలు గనక వాళ్ల లెక్క సరైనదే, అడ్డుపడింది రష్యా ఎర్రచుక్క, అంటే వీటో. తర్వాత ఫిబ్రవరి 27. సర్వప్రతినిధి సభను అత్యవసరంగా పిలవాలన్న తీర్మానం. మళ్లీ అదే 11, 1, 3. ఈసారి వీగిపోయిందంటారు. కానీ నెగ్గింది. సభను పిలవడం కార్యవిధానానికి సంబంధించింది, దానికి వీటో వర్తించదు. ఈ రెండు ఓట్లనూ బోర్డు మీద పక్కపక్కనే రాయండి, మధ్యలో ఇంకేమీ చెప్పకండి.

మూడోది మార్చి 2 ఓటు. సర్వప్రతినిధి సభలో ఇలాంటి విషయాలకు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. తటస్థులు ఆ లెక్కలోకి రారు, అంటే 146లో 141. మండలిలో అలా కాదు. అక్కడ 9 అనుకూల ఓట్లు పడాల్సిందే, తటస్థులు పెరిగితే ఆ 9 దొరకడం కష్టమవుతుంది. ఉపాధ్యాయులు కూడా తడబడేది ఇక్కడే.

చివరి పదిహేను నిమిషాలు ‘ఎందుకు’ అన్నదానికి ఉంచాలి. రష్యా ఆయుధాలపై మన సైన్యం ఎంత ఆధారపడి ఉంది, ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో చిక్కుకున్న మన వైద్య విద్యార్థుల సంగతేమిటి (వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు), దౌత్యమార్గాన్ని వదిలేయడం విచారకరమని మండలిలో అంటూనే భారత్ తటస్థంగా ఎందుకు ఉంది. ‘భారత్ చేసింది తప్పా ఒప్పా’ అన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టొద్దు. పెడితే మిగతావి వినేవాళ్లుండరు. చర్చ తెలుగులోనే సాగాలి. సూటూ బూటూ వేయించి ఇంగ్లిష్ ఉపన్యాసాలు చెప్పించే నమూనా ఐరాస పోటీల్లో నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు.

ఓటింగు వివరాలూ ప్రసంగ పాఠాలూ ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. మీ పత్రిక కూడా ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ చివర నాలుగు అంకెలు ఇవ్వాలని మనవి: అనుకూలం, వ్యతిరేకం, తటస్థం, ఓటింగులో లేనివి. ఒక్క లైను చోటు సరిపోతుంది.

— ఒక పాఠకుడు