గోడలో బొరుగుల సంగతి

పాపా,

టీవీ బిగించేదానికి అల్లుడు గారు గోడకు డ్రిల్లు వేస్తే రాలిందని రాత్రి నువ్వు పెట్టిన ఫోటో పొద్దున కాఫీ తాగతా చూసినా. మీ అమ్మేమో బేస్‌మెంట్ గోడలో బొరుగులు ఎవరు పోసినారబ్బా అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు. పెద్దది చేసి చూస్తే గోధుమ రంగు గింజలు, పక్కనుంచి పొరలు పొరలుగా అభ్రకం మాదిరి మెరుస్తా ఉండాయి. అది వర్మిక్యులైట్ అమ్మా. ఆ రాయిని కాలిస్తే నిజంగానే బొరుగుల మాదిరే పొంగుతాది, అప్పట్లో చలికి సిమెంటు బ్లాకు గోడల బొక్కల్లో ఇది నింపేవాళ్లంట. మీ ఇల్లు 1956ది అన్నావు కదా, సరిపోయింది.

పొద్దున్నుంచి ఫోన్లో ఇదే చదువుతా ఉండా. అమెరికాలో అమ్మిన ఈ సరుకులో చానా భాగం మోంటానాలో లిబ్బీ అనే ఊరి గనిదంట, 1990లో మూసేసినారు, ఆ రాయిలో రాతినార కలిసి ఉండేది. రాతినారంటే ఆస్బెస్టాసే. మన పులివెందుల పక్క కూడా గనులుండేవి, చిన్నప్పుడు మా మామ ఒక ముక్క తెచ్చిచ్చినాడు, పచ్చటి రాయి మధ్యలో తెల్లటి చార, గోటితో గీకితే దూది మాదిరి లేచొచ్చేది, ఊదితే ఎగిరిపోయేది, పిల్లోళ్లమంతా అదే ఆట. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తాది, ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు బయటపడేదానికి 20, 30 ఏండ్లు కూడా పడతాదంట.

అల్లుడు గారికి చెప్పు, ఆ డ్రిల్లు పక్కన పెట్టమని. కిందపడింది చీపురుతో ఊడ్చొద్దు, ఇంట్లో వ్యాక్యూమ్ అసలే పెట్టొద్దు, దుమ్మంతా గాల్లోకి లేస్తాది. తలుపేసేసి బాబును కిందికి దిగనీయొద్దు. శాంపిల్ తీసి ల్యాబుకు పంపిస్తామంటివి, అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లేమో వర్మిక్యులైట్ కనిపిస్తే ఆస్బెస్టాస్ ఉన్నట్టే అనుకోమంటారు, ఇంక మీరు గెలికేదెందుకు? కదిలించకుంటే గోడలోది గోడలోనే ఉంటాది, తీయాలంటే ఆ పని నేర్చి లైసెన్సు ఉన్నోళ్లను పిలవండి, ఖర్చయితే అయింది.

రెండో ఫోటోలో గులాబీ రంగు దూది ఉంది చూడు, అది ఫైబర్‌గ్లాస్, దాంతో దురదే తప్ప ఇంత భయం లేదు. పైపుకు చుట్టిన ముడతల తెల్ల అట్ట మాత్రం నాకు అనుమానమే, వచ్చినోళ్లకు అది కూడా చూపించు.

టీవీ ప్రస్తుతానికి పైన హాల్లో స్టాండు మీద పెట్టుకోండి. ఇంకో ఫోటో తీస్తానని మళ్లీ కిందికి పోవద్దు, నాకు అర్థమయింది.

మీ నాయన