అడగడం వేరు, అడుక్కోవడం వేరు

ఒరేయ్ మావా,

మొన్న ఆదివారం ఫోన్లో మీ అమ్మ పింఛను సంగతి చెప్పావు, నాలుగు నెలలుగా పడట్లేదని, కాశీనగర్‌లో ఎవరిని అడిగినా సరైన సమాధానం లేదని. సూరత్ మిల్లు చప్పుడులో నీ మాట సగమే వినబడింది, నా మాట నీకు అంతకూడా వినబడి ఉండదు. పైగా ఇలాంటివి ఫోన్లో చెబితే గుర్తుండవు. అందుకే కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. చదివాక పారేయకు.

మా మేనత్త నీకు తెలుసు కదా, చిన్నప్పుడు మనం పాతపట్నంలో సినిమా చూసి చీకటిపడ్డాక వస్తే తిట్టకుండా అన్నం పెట్టేది. మావయ్య పోయాక ఆవిడకి చేతిలోకి వచ్చేది ఆ వితంతు పింఛను ఒక్కటే. పోయినేడు దసరా ముందు అది ఆగిపోయింది. రెండు నెలలు మాకెవరికీ చెప్పలేదు. కిరాణా కొట్లో అప్పు పెరిగి కొట్టాయన నాతో అంటేనే తెలిసింది. ఎందుకు చెప్పలేదత్తా అంటే, "ఏటని అడగమంటావురా, ఈ వయసులో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి అడుక్కోమంటావా" అంది.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. అడగడం, అడుక్కోవడం, మన భాషలో రెండూ పక్కపక్కనే ఉన్న మాటలు. మనవాళ్ళు చాలామందికి బుర్రలో కూడా పక్కపక్కనే ఉండిపోయాయి. తన పేరు మీద రావలసిన డబ్బు ఏమైందని తెలుసుకోవడానికి ఒక మనిషి సిగ్గుపడి పస్తులుండటం ఏమిటిరా? నాకు కోపం వచ్చింది, కానీ అత్త మీద కాదు.

ఆ కోపంతోనే బయల్దేరాను, అదే నేను చేసిన మొదటి పొరపాటు. ప్రతి కిటికీ దగ్గరా ఒకటే ప్రశ్న: ఎందుకు ఆగింది? ఒకరు పైనుంచి రాలేదన్నారు. ఇంకొకరు ఆధార్ లింక్ చూసుకోమన్నారు. బ్యాంకులో "మా దాకా వస్తే ఖాతాలో వేయకుండా ఉంటామా" అన్నారు. మళ్ళీ మొదటి చోటికి వెళ్తే లిస్టులో పేరు లేదన్నారు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. సోమవారం గ్రీవెన్సుకి కూడా వెళ్ళాను, అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు, విచారణకి పంపామన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళలో ఎవరూ నాతో అబద్ధం చెప్పలేదు. ఎవరి బల్ల మీంచి వాళ్ళకి కనిపించినంత చెప్పారు. నా ప్రశ్నే అలాంటిది, ఎవరైనా ఏదో ఒకటి చెప్పి పంపించేయడానికి వీలైన ప్రశ్న.

దారి చూపించింది ఇక్కడ పర్లాకిమిడి కోర్టు దగ్గర అర్జీలు రాసే ఒక పెద్దాయన. ఒడియా, తెలుగు రెండూ నీళ్ళు తాగినట్టు మాట్లాడతాడు. నేను రాసుకెళ్ళిన అర్జీ పేజీన్నర ఉంది, అత్త కష్టాలన్నీ పెట్టాను. ఆయన అంతా చదివి, జేబులోంచి పెన్ను తీసి, 'ఎందుకు' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా కింద గీత గీశాడు. ఐదుచోట్ల ఉంది. "ఎందుకు అంటే ఏదైనా చెప్పొచ్చు బాబూ. ఏ కాగితం అని అడుగు. కాగితం ఉంటే నకలు ఇవ్వాలి, లేకపోతే లేదని సంతకం పెట్టి రాయాలి. రెండిట్లో ఏదైనా నీకు లాభమే" అన్నాడు. ఈ ఉత్తరంలో నువ్వు ఇంకేం గుర్తుంచుకోకపోయినా ఈ మాట గుర్తుంచుకో మావా.

తర్వాత నేను చదివి చూసుకున్నాను, ఆయన చెప్పింది సమాచార హక్కు చట్టంలో కూడా అంతే. దాని కింద మనం అడగగలిగేది వాళ్ళ దగ్గర రికార్డులో ఉన్నదాన్నే. 2008లో బొంబాయి హైకోర్టు గోవా బెంచి 'ఎందుకు' అనే ప్రశ్నకి జవాబు ఇవ్వడం సమాచారం కిందికి రాదని చెప్పింది. 2011లో సుప్రీంకోర్టు, విద్యార్థి తన జవాబు పత్రాన్ని తను చూసుకోవచ్చని చెప్పిన కేసులోనే, రికార్డులో లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పింది. అలాగని కారణం దాచేసుకోవచ్చని కాదు. ఒక నిర్ణయం వల్ల నష్టపోయిన మనిషికి దాని కారణం చెప్పాలని అదే చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. ఆ కారణం కూడా ఏదో ఒక ఫైల్లో రాసే ఉంటుంది కాబట్టి మనం ఫైలు అడగాలి.

అసలు ఈ చట్టం పుట్టిందే అలా అడగడంలోంచి. రాజస్థాన్‌లో కరువు పనులకి వెళ్ళిన కూలీలకి కూలి సరిగ్గా ఇవ్వకపోతే, వాళ్ళు అన్యాయం అన్యాయం అని అరిచి ఊరుకోలేదు, మస్టర్ రోల్ చూపించమన్నారు. ఏ రోజు ఎవరు పనికొచ్చినట్టు రాశారు, ఎవరికి ఎంత ఇచ్చినట్టు రాశారు, అది చూపించండి అని. 1994 డిసెంబరులో కోట్‌కిరానా అనే ఊళ్ళో జనం మధ్య ఆ లెక్కలు పైకి చదివారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నాలో కూర్చున్నారు. ఆ పోరాటాన్ని నడిపినవాళ్ళలో ఒకరైన అరుణా రాయ్ పేరు నువ్వు వినే ఉంటావు. నాకు మాత్రం ఆ లెక్కలు వింటూ కూర్చున్న, అక్షరం ముక్క రాని ఆడవాళ్ళే కళ్ళ ముందు కనిపిస్తారు, వాళ్ళలో మా అత్త కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. 2005 అక్టోబరు 12న చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. మనకి ఇరవై ఏళ్ళ నుంచి చేతిలో ఉన్న పనిముట్టు ఇది, నేను దాని పిడి పట్టుకోవడం ఇప్పుడు నేర్చుకున్నాను.

సరే, మేం ఏమడిగామో చెబుతాను, అమ్మ విషయంలో నువ్వూ దాదాపు ఇవే అడగాలి. చివరిసారి డబ్బు పడిన నెలలో లబ్ధిదారుల లిస్టులో అత్త పేరున్న పేజీ నకలు. ఆ పేరు తీసేస్తూ ఇచ్చిన ఆర్డరు నకలు, నంబరు, తేదీతో సహా. తీసేయమని రిపోర్టు రాసినవారి హోదా, ఆ రిపోర్టు నకలు. ఇంటికొచ్చి విచారణ చేసి ఉంటే ఏ తేదీన చేశారు, ఎవరితో మాట్లాడినట్టు రాశారు. ఇంతే, పది లైన్లు. కష్టాలు రాయలేదు, ఎందుకు కావాలో కూడా రాయలేదు, అది అడిగే హక్కు వాళ్ళకి లేదు, ఆరో సెక్షన్లోనే ఉంది.

ఒడిశాలో దీనికి ఫారం-ఎ ఉంటుంది, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. దారిద్ర్యరేఖ కార్డుంటే ఆ పది కూడా అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తప్పు ఆఫీసులో ఇచ్చినా కంగారు పడకు, ఐదు రోజుల్లో అసలు ఆఫీసుకి పంపాల్సిన బాధ్యత వాళ్ళదే. రాకపోతేనో, వచ్చింది అసంపూర్తిగా ఉంటేనో, ముప్పై రోజుల్లోపు పై అధికారికి అప్పీలు, ఇరవై రూపాయల స్టాంపు. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోపు భువనేశ్వర్‌లో సమాచార కమిషన్‌కి. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది.

భాష దగ్గర ఒక్క చిక్కుంది. ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో రాయాలి. అంటే ఇక్కడ ఒడియా, తెలుగు కుదరదు. మనం బడిలో ఒడియా చదువుకున్నాం కాబట్టి సరిపోయింది, మా అత్త లాంటివాళ్ళు ఏం చేస్తారు చెప్పు. రాయలేనివాళ్ళు నోటితో చెబితే అక్కడి అధికారే రాసుకోవడానికి సాయం చేయాలని చట్టం చెబుతోంది, ఇది చాలామందికి తెలియదు, నువ్వు తెలిసినవాళ్ళందరికీ చెప్పు. ఇంకో సంగతి, ఒడియాలో దీన్ని 'సూచనా అధికార్' అంటారు. మనకి సూచన అంటే సలహా. ఈ మాట విని మన వీధిలో ఒకాయన, ఆఫీసుకి మనం సలహాలు ఇచ్చే కాగితం అనుకున్నాడు పాపం.

ఇరవై ఆరో రోజున జవాబొచ్చింది. కాగితాలకి పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టి తెచ్చుకున్నాను. ఆ జెరాక్సు పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. అంచు నల్లగా పడింది, మధ్యలో స్టేపుల్ పిన్ను నీడ. దాంట్లో అత్త పేరు రెండు వరసల్లో ఉందిరా! ఒక వరసలో ఇంటిపేరు ముందు, మన పద్ధతిలో. ఇంకో వరసలో ఇంటిపేరు చివర, ఒడియా పద్ధతిలో, పైగా 'అమ్మ' అన్నచోట ఒత్తు పోయి 'అమా' అయింది. మావయ్య పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొట్టి అక్షరాలతో. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కిందని చూసి ఒక వరస కొట్టేశారు, పక్కన చేతిరాతతో 'రెండుసార్లు నమోదు' అని ఒడియాలో రాశారు. అంతవరకు సరైన పనే. కానీ కొట్టేసిన వరసలోనే బ్యాంకు ఖాతా నంబరుంది. మిగిల్చిన వరసలో ఆ గడి ఖాళీ.

అత్తకి చూపించాను. ఒడియా చదవలేదు కదా, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీత మీద వేలు పెట్టి, "ఇదేనా నేను?" అంది. రెండూ నువ్వేనత్తా అన్నాను. చాలాసేపు ఆ కాగితం చేతిలోనే పెట్టుకుంది. "అయితే నా తప్పేం లేదన్నమాట" అంది. అన్నాళ్ళూ తనేదో తప్పు చేసిందనుకుంటూ ఉందిరా, ఆధార్‌కి వేలిముద్ర సరిగ్గా వేయలేదేమో, ఎవరి మీదైనా నోరు పారేసుకుందేమో అని. డబ్బు కంటే ఆ ఒక్క మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కాగితం పట్టుకుని వెళ్తే అదే కిటికీ దగ్గర అదే మనిషి పది నిమిషాల్లో సరిదిద్దే ఫారం ఇచ్చాడు, ఏ గడిలో ఏం రాయాలో కూడా చెప్పాడు. చెడ్డవాడేం కాదు. రెండో నెల నుంచి పింఛను పడుతోంది.

ఇదంతా అయ్యాక నాకు మన పర్లాకిమిడిలోనే ఉండి వెళ్ళిన గిడుగు రామమూర్తి గారు తరచూ గుర్తొస్తున్నారు. బడిలో ఆగస్టు 29న దండ వేయడం తప్ప ఆయన గురించి మనం ఏం ఆలోచించాం? మన కొండల్లో ఉండే గిరిజనులు సవరల భాషకి అప్పుడు పుస్తకం లేదు, నిఘంటువు లేదు, నేర్పే బడి లేదు. భాష తెలిసిన మనుషుల్ని పట్టుకుని ఒక్కో మాటా అడిగి రాసుకున్నారు. దీన్నేమంటారు, నేను వెళ్తే ఏమంటారు, నువ్వు వెళ్తే ఏమంటారు, నిన్న వెళ్తే ఏమంటారు. అలా దశాబ్దాలు అడిగాక 1931లో సవర భాష మీద పుస్తకం అచ్చయింది. 'మీ భాష ఎలాంటిది' అని ఒక్కసారి పెద్ద ప్రశ్న వేసి ఉంటే ఆ పుస్తకం వచ్చేదే కాదు. ఇంకొకటి, 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు మన వైపు బడులకి వచ్చి, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి, ఈ తేడా ఏమిటని అడిగాడట. పండితులకి అది తెలియనివాడి ప్రశ్నలా అనిపించి ఉంటుంది. గిడుగు గారు దాన్ని వదల్లేదు. నేను నీకు ఇలా మాట్లాడినట్టు రాయగలుగుతున్నానంటే ఆ ప్రశ్న చలవే కదా.

ఇంట్లో కూడా ఈ అలవాటు పెట్టుకున్నాం. నాన్నకి బీపీ, షుగరు కలిపి రోజుకి ఆరు బిళ్ళలు. ఇదివరకు డాక్టరు దగ్గర తలూపి వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు ఒక్కో బిళ్ళ చూపించి ఇది దేనికి, ఎన్నాళ్ళు వాడాలి, ఒకపూట మర్చిపోతే ఏం చేయాలి అని అడుగుతున్నాను, ఆయన చెప్పింది అట్ట మీదే రాసుకుంటున్నాను. డాక్టరు విసుక్కోలేదు, రెండు బిళ్ళలు ఒకే పని చేసేవని ఆయనే గమనించి ఒకటి ఆపేశారు.

ఇప్పుడు అమ్మ సంగతి. ముందు అమ్మని ఫోన్లో 'ఎందుకు ఆగింది' అని అడగొద్దు, బెంగపడుతుంది. పాస్‌బుక్‌లో చివరిగా ఏ తేదీన డబ్బు పడిందో, అందులో పేరు ఎలా అచ్చయిందో పక్కింటి కుర్రాడితో చదివించమను. ఆధార్ మీద పేరు కూడా. ఆ రెండూ నాకు పంపు. అర్జీ నీ పేరు మీదా వేయొచ్చు, కానీ అమ్మ పేరుతో, అమ్మ వేలిముద్రతో వేస్తే మేలు, తన వివరాలు తనకే ఇవ్వం అని ఎవరూ అనలేరు. శుక్రవారం గుణుపురం రైలుకి నేనే కాశీనగర్ వెళ్తాను, ఫారం-ఎ రెండు కాపీలు తీసుకెళ్తాను, ఇచ్చిన కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని వస్తాను. నువ్వు సెలవు పెట్టుకుని అంత దూరం నుంచి రానక్కర్లేదు.

అత్తకి ఆగిన నెలల డబ్బు ఇంకా రాలేదు. దాని ఫైలు ఎక్కడుందని ఇంకో అర్జీ వేశాం, వచ్చే గురువారానికి ముప్పై రోజులు. ఈసారి ఫారం మీద అడిగిన విషయాలు అత్తే చెప్పింది, నేను రాశాను.

ఉంటాను మరి. వేళకి తిను.