హార్డ్ డిస్క్ విప్పే ముందు...

సంపాదకులకు,

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక, మా కావలిలో ఫొటో స్టూడియోలవారు, రొయ్యల మేత వ్యాపారులు పాత కంప్యూటర్లను పక్కనపెట్టి, వాటి హార్డ్ డిస్కులను కొత్తవాటికి బిగించుకోవడం తరచూ కనిపిస్తోంది.

కంప్యూటర్‌ను త్వరగా తెరిపించే ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే విండోస్ సదుపాయం ఆన్‌లో ఉంటే, మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిని కొంత డిస్కులోనే దాచుకుంటుంది. ఆ స్థితిలోనే విప్పిన డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు మారిస్తే, డేటా దెబ్బతినే ప్రమాదం ఉంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే ఈ బెడద ఉండదు గానీ, ఈ సంగతి చెప్పే మెకానిక్కులు తక్కువే.

డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే, ఆ తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీని ముందే రాసిపెట్టుకోవాలి.

కొత్త కంప్యూటర్ ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని అడిగినప్పుడు చాలామంది సరే అనేస్తారు. ఫార్మాట్ అంటే డిస్కును తుడిచి కొత్తగా సిద్ధం చేయడమే కనుక అది ఒప్పుకోకూడదు. డిస్కును బయటి నుంచి తగిలించే కొన్ని యూఎస్‌బీ పెట్టెలు 512 బైట్ల సెక్టార్లను (డిస్కులో డేటా దాచే చిన్న గడులను) 4096 బైట్లుగా చూపుతాయి కనుక, వాటిలో వాడిన డిస్కును నేరుగా మదర్‌బోర్డుకు కలిపితే, ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నా ఖాళీగా కనిపించవచ్చు. మళ్లీ అదే పెట్టెలో పెట్టి చూడాలి.

డిస్కు విప్పే ముందే వినియోగదారుడి వద్ద మరో కాపీ ఉందో లేదో అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకునే పద్ధతిని జిల్లాలోని కంప్యూటర్ దుకాణాలవారు పాటించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా