పేరు అడగని ఆ చెల్లెమ్మకు

2024 సెప్టెంబరు. బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మునిగిన రెండో రోజు. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, 108 రావడానికి దారి లేదు. నీళ్లలో గాజుపెంకు కోసుకుని నాన్న పిక్క చీరుకుపోయింది. మేం పసుపు కోసం వెతుకుతుంటే పక్క డాబా మీంచి గోడ దూకి వచ్చావు. ఉతికిన చున్నీ మడతపెట్టి, గాయం మీద రెండు అరచేతులతో అదిమిపట్టావు. నేను తీసి చూడబోతే, "తీయకక్కా, గడ్డకట్టే రక్తం మళ్లీ కారుతుంది" అన్నావు. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేశావు. పది నిమిషాలు నీ చేతులు కదల్లేదు.

కాలేజీలో ఒక్కపూట నేర్పారట, అంతే!

మర్నాడు పడవలో తీసుకెళ్లి కుట్లు వేయించాం. ధనుర్వాతం ఇంజెక్షన్ మరవొద్దని చెప్పిందీ నువ్వే. నాన్న మళ్లీ సైకిల్ తొక్కుతున్నారు. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవట, ఏ ఊరో తెలియదు. మా ఇంటిల్లిపాదీ నీకు రుణపడి ఉన్నాం తల్లీ.