కొండవీడు రూట్ గురించి ఆరోసారి రాస్తున్నా, ఈసారన్నా ఒక మనిషి చదవండి

కస్టమర్ కేర్ వారికి,

ముందు ఒక మాట. నేను సర్ ని కాదు. మీ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఐదు రిప్లైలు వచ్చాయి, ఐదూ "డియర్ సర్" అనే మొదలయ్యాయి. నేను ఆడమనిషిని, గుంటూరులో హైస్కూల్లో సోషల్ చెప్తా అని రెండో మెయిల్లోనే రాశా, మూడోదాంట్లో మళ్ళీ రాశా, అయినా సర్ అనే వచ్చింది. దాన్నిబట్టే అర్థమైపోయింది నేను రాసింది అక్కడ ఎవరూ చదవట్లేదని. మీ రన్నింగ్ యాప్‌లో కొండవీడు కోటకి తప్పు రూట్ పెట్టారు, సరే, తప్పులు ఎవరైనా చేస్తారు, దానికి నాకు ఇంత కోపం లేదు. నెల రోజులుగా గోడకి చెప్పుకుంటున్నట్టు చెప్పుకుంటున్నా చూడండి, దానికి.

జరిగింది మళ్ళీ చెప్తా, ఇదే ఆఖరుసారి. నవంబర్ 16 ఆదివారం, కార్తీకమాసం, తెల్లారుజామున నేనూ మా ఆడపడుచు కూతురూ ఫిరంగిపురం మీదుగా కొండవీడు వెళ్ళాం. మీ యాప్‌లో చెరువులు, అడవి, కోట అన్నీ ఒకే రూట్లో చుట్టొచ్చని పెట్టిన రన్ అది. ఘాట్ రోడ్డు ఎక్కి పైన చెరువుల దాకా హాయిగా వెళ్ళాం, అక్కణ్ణుంచి మ్యాప్‌లో దారి చూపించే మీ నీలం గీత గట్టు దిగి ముళ్ళపొదల్లోకి తీసుకెళ్ళి వదిలేసింది. దారే లేదు. సిగ్నల్ లేదు, డబ్బులు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాపేమో "ఇంటర్నెట్ చూసుకోండి" అంటుంది. గంటన్నర తిరిగాం, నీళ్ళు అయిపోయాయి, పిల్ల మోచేతులు గీసుకుపోయాయి, చివరికి మేకలు తోలుకెళ్ళే ఒకాయన చూసి "ఇటు కాదమ్మా" అని వెంట నడిచి రోడ్డు మీద దింపాడు. అంతే. ఇంతకంటే దాని గురించి చెప్పను.

సోమవారం స్కూల్ నుంచి రాగానే మీకు మెయిల్ పెట్టా. తిట్టలేదండీ. గీత ఎక్కడ తప్పిందో ఫొటో మీద ఎర్ర గుర్తు పెట్టి, సరైన దారి ఎటో కూడా రాసి, రేపు ఇంకెవరన్నా చిన్నపిల్లలతో వస్తారు కాబట్టి ఈలోపు ఆ రూట్ తీసెయ్యండి అని మర్యాదగా రాశా. 48 గంటల్లో సంప్రదిస్తాం అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. నాలుగు రోజులు చూశా. ఎవరూ రాలేదు.

సరే చాట్‌లో అడుగుదాం అని యాప్ తెరిస్తే అక్కడ మెషిన్. పేమెంటా, లాగినా, ప్లాన్ మార్చాలా, ఇతరమా అంటుంది. ఇతరం నొక్కితే మళ్ళీ అవే నాలుగు. రూట్ తప్పు ఉంది, ప్రమాదం అని చెప్పుకోడానికి అసలు చోటే లేదా మీ దగ్గర? రన్నింగ్ రూట్లు అమ్ముకునే కంపెనీకి రూట్ గురించి వినే మనిషి ఉండడా?

తర్వాత మెయిల్లో ఒకాయన దొరికాడు. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించుకోండి అన్నాడు. అయ్యా గీత తప్పు గీసింది మీరు, నా ఫోన్ కాదు అన్నా వినకుండా అదే మాట. చెప్పినట్టే చేశా. దాంతో నేను ఏళ్ళ తరబడి సేవ్ చేసుకున్న రూట్లన్నీ పోయాయి. అది చెప్తే ఇంకో అమ్మాయి వచ్చి స్క్రీన్‌షాట్ పంపమంది, పంపా, రెండ్రోజులకి వేరే పేరుతో ఇంకొకరు అదే స్క్రీన్‌షాట్ అడిగారు, మళ్ళీ పంపా, వారం తర్వాత మూడోసారి! ఆమధ్య ఫారం ఒకటి నింపమన్నారు, అందులో జిల్లాల లిస్టులో పల్నాడు లేదు. కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి. లేదు కదా అని గుంటూరు పెడితే "లొకేషన్ సరిపోలడం లేదు" అని ఫారం తిప్పికొట్టారు. మీ లిస్టు పాతదైతే అది కూడా నా తప్పేనా?

ఫోన్ చేస్తే ఏమైందో కూడా రాస్తా. మొదట హిందీలో మాట్లాడారు, తెలుగు వాళ్ళని ఇవ్వండి అంటే లైన్లో పెట్టారు, 22 నిమిషాలు మ్యూజిక్ విన్నా, లంచ్ టైమ్ అంతా దానికే పోయింది. తర్వాత ఒక తెలుగు అబ్బాయి వచ్చాడు, మంచిగానే మాట్లాడాడు, పాపం అతన్ని ఏమీ అనను. "అర్థమైంది మేడమ్, సాయంత్రం ఆరింటికల్లా నేనే చేస్తా" అన్నాడు. నన్ను మేడమ్ అన్నది మీ కంపెనీ మొత్తంలో ఆ అబ్బాయి ఒక్కడే. ఆరింటికి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నా, వంట కూడా ఆలస్యమైంది. ఫోన్ రాలేదు. మర్నాడు పొద్దున మెయిల్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఒళ్ళు మండిపోయింది. ఎవరు పరిష్కరించారు? ఆ నీలం గీత ఇప్పుడు, ఈ నిమిషంలో కూడా అలాగే ఉంది, ఇందాకే చూశా.

అదే వారం నా కార్డు నుంచి వచ్చే ఏడాదికి 1,799 రూపాయలు కట్ అయ్యాయి. ఫిర్యాదు చదవడానికి మనుషులు లేరు గానీ డబ్బులు లాగడానికి మాత్రం ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

నేనెవర్నో మీకు తెలియదు కాబట్టి చెప్తున్నా. 2021లో షుగర్ బోర్డర్‌లో ఉంది నడవమ్మా అని డాక్టర్ చెప్తే బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంలో రౌండ్లు కొట్టడం మొదలుపెట్టా. రౌండ్లు తిరిగి తిరిగి విసుగొచ్చి మానేద్దామనుకున్నప్పుడు మీ యాప్ దొరికింది. నిజంగా చెప్తున్నా, ఆ యాప్ నన్ను బయటికి తీసుకొచ్చింది. ఉండవల్లి గుహలు ఎన్నిసార్లు బస్సులోంచి చూశానో, పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆ నాలుగంతస్తుల గుహ ముందు చెమటలు కక్కుతూ నిలబడి, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూసింది మాత్రం అప్పుడే. సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడ దాకా పొద్దున్నే పరిగెత్తితే కృష్ణ మీంచి వచ్చే గాలి ఉంటుంది చూడండీ, 1957లో కట్టిన బ్యారేజీ, కిలోమీటరు పైనే పొడవు, దాని మీద ఆగకుండా పరిగెత్తిన మొదటి రోజు ఇంటికొచ్చి ఏడ్చేశా. కొండపల్లి కోటకీ, ఆ కింద అడవి అంచునా నాలుగుసార్లు వెళ్ళాం. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు అక్కడ ఒక ముసలాయన చూపిస్తే మా పిల్లలకి క్లాసులో చెప్పా.

మా స్టాఫ్‌లో, వీధిలో కలిపి 14 మంది ఆడవాళ్ళని మీ యాప్‌లో చేర్పించా. డిస్కౌంట్ కోసం కాదు. ఉప్పలపాడు రూట్ కింద, గూడబాతులు గూళ్ళు పెట్టే రోజుల్లో చెరువు గట్టు మీదికి వెళ్ళకండి, పాటలు పెట్టకండి, అవి బెదురుతాయి అని రాసిన నోట్ నాదే. అది ఇప్పటికీ మీ యాప్‌లో ఉంది, నా పేరు లేదు, అక్కర్లేదు కూడా. కొండవీడు కోట కృష్ణదేవరాయలు కట్టించాడని మీరు రాసుకుంటే, కాదు బాబూ, అది రెడ్డిరాజుల రాజధాని, దాదాపు వందేళ్ళు ఏలారు, పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది అక్కడే, రాయలు 1515లో వచ్చి గెల్చుకున్నాడు అని రెండేళ్ళ కిందటే రాశా. అదీ మార్చలేదు. అప్పుడే తెలుసుకోవాల్సింది నేను. పిల్లల పరీక్ష పేపర్లో ఆ తప్పు ఉంటే నేను ఊరుకోను, మీరు మాత్రం వేలమందికి చూపిస్తున్నారు.

1,799 వెనక్కి ఇవ్వండి, ఇస్తారో ఇవ్వరో, డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ గీత తీసెయ్యండి. దాని పక్కన "ఇక్కడ దారి లేదు, సిగ్నల్ లేదు, నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి" అని రాయండి. పోయిన నా రూట్లు తిరిగి రావాలి. ఆ తెలుగు అబ్బాయి ఎందుకు ఫోన్ చెయ్యలేదో, చెయ్యనివ్వలేదో, నాకు చెప్పాలి.

ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్ళు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రూల్స్‌లో ఉంది, నేను చదివా, సోషల్ టీచర్ని. నెల దాటింది. సోమవారం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నా. అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్లో వేస్తా, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, ప్రతి మెయిలూ ప్రతి స్క్రీన్‌షాటూ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టా. మా 14 మందీ ఒకేరోజు యాప్ తీసేస్తాం అంటున్నారు, నేనే ఆపుతున్నా, ఎంతకాలం ఆపగలనో చెప్పలేను.

సంక్రాంతి సెలవల్లో మేమంతా మళ్ళీ కొండవీడు వెళ్తున్నాం. ఆ మేకలాయన్ని ముందే అడిగి దారి రాసుకున్నా. అది కూడా ఈ మెయిల్‌కి జతచేశా, వాడుకోండి.

ఫోన్ చేస్తే సాయంత్రం ఐదు తర్వాత చెయ్యండి, అప్పటిదాకా క్లాసులో ఉంటా. మేడమ్ అని అడగండి.

ఇట్లు,
నాలుగేళ్ళుగా డబ్బులు కడుతున్న మీ సబ్‌స్క్రైబర్,
గుంటూరు